నాలుగో కార్డు

“రాజీవ్‌ని మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు పూర్ణచంద్రరావు గారూ?”

“గురువారం పొద్దున, పది దాటాక. సీఐ గారికి చెప్పాను, పేపరు వాళ్ళకి చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్తున్నాను. పక్కమీద పడుకుని గుర్రుపెడుతున్నాడు. లేపడం ఎందుకని తలుపు దగ్గరకి వేసి నా దారిన నేను గుడివాడ వెళ్ళిపోయాను.”

“గుడివాడలో ఎవరున్నారు?”

“ఊరంతా ఉంది. మా మేనల్లుడి గృహప్రవేశం. పన్నెండు గంటల నుంచి సాయంత్రం దాకా నన్ను చూడని వాడు లేడు. నాకు విస్తరి వేసిన వాణ్ణి కూడా పిలిపించమంటారా?”

దయామణి నవ్వలేదు. టీ గ్లాసు పట్టుకున్న అతని చేతినే చూస్తోంది. ఆ చెయ్యి నిలకడగా ఉంది.

పూర్ణచంద్రరావుది రొయ్యల ఎగుమతి వ్యాపారం. మచిలీపట్నంలో, మంగినపూడి రోడ్డులో మూతపడ్డ ఈ ఐస్ ఫ్యాక్టరీ కూడా అతనిదే. ఒకప్పుడు ఐసు దిమ్మలు నిలవచేసిన వెనక గదిలో రాజీవ్ ఎనిమిది గ్రాఫిక్స్ కార్డులు పెట్టి, సినిమాలకీ ప్రకటనలకీ కంప్యూటర్ గొంతులు తయారుచేసేవాడు. మనిషి కొద్ది నిమిషాలు మాట్లాడిన రికార్డింగు చేతికిస్తే చాలు, ఆ గొంతుతో ఏం కావాలంటే అది పలికించేవాడు. గురువారం మధ్యాహ్నం మూడింటికి ఏసీ మెకానిక్ వచ్చి తలుపు తీస్తే రాజీవ్ పక్కమీదే చచ్చిపోయి ఉన్నాడు. ఒంటిమీద గాయం లేదు. పోస్ట్‌మార్టంలో తేలింది ఒక్కటే: ఊపిరాడక పోయాడు.

పోలీసులు ప్రమాదం అన్నారు. రాజీవ్ భార్య నవ్యశ్రీ ఒప్పుకోలేదు. అవనిగడ్డలో పుట్టింట్లో ఉన్న ఆ అమ్మాయి, దయామణి పేరు ఎవరి దగ్గరో విని కబురు చేసింది. దయామణి గుడివాడలో పన్నెండేళ్ళు కంప్యూటర్ రిపేరు షాపు నడిపింది. జనం తెచ్చిచ్చే మిషన్లకన్నా వాటి వెనకున్న జనమే ఆసక్తిగా అనిపించి డిటెక్టివ్ అయింది.

“అతను చనిపోయాక మిషన్లు ఆపొద్దని సీఐ గారికి చెప్పింది మీరేనటగా?” అని అడిగింది.

“ఆపితే అందులోని పనంతా పోతుందమ్మా. పాపం, ఆ కుర్రాడి కష్టం.”

“మీకు కంప్యూటర్లు తెలుసా?”

“రొయ్యలు తెలుసు.”

దయామణి ముందుకు వంగింది. ఈ మనిషి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఇతన్ని కదపాలంటే రాయి వెయ్యక తప్పదు. వేసింది.

“గురువారం పొద్దున ఏడున్నరకి రాజీవ్ తన భార్యకి ఫోన్ చేశాడు. తనకి తెలియకుండా ఈ గదిలో ఎవరో పని చేయించుకుంటున్నారని చెప్పాడు. పేరు కూడా చెప్పాడు.”

సగం నిజం, సగం అబద్ధం. రాజీవ్ పేరేమీ చెప్పలేదు. ‘నాలుగో కార్డు ఊరికే వేడెక్కుతోంది నవ్యా, ఎవరో దూరం నుంచి వాడుతున్నారు. ఇవాళ పట్టుకుంటాను’ అన్నాడు, అంతే.

టీ గ్లాసు గాల్లో ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా బల్లమీదకి దిగింది. అందులో సగం టీ అలాగే ఉంది.

“అలాగా! మంచిదేగా. ఆ పేరేదో ఆ అమ్మాయి సీఐ గారికి చెప్తే సరిపోతుంది,” అంటూ లేచాడు. “గుడివాడలో పనుంది. మళ్ళీ కావాలంటే ఫోన్ చెయ్యండి.”

కారు గేటు దాటిన చప్పుడు వినిపించింది. అప్పటికి మూడు గంటలు.

*

“మీరు మావాళ్ళకంటే ముందే ముద్దాయిని పట్టేసేలా ఉన్నారే!” అంటూ లోపలికొచ్చాడు సీఐ చంద్రశేఖర్. చంకలో ఫైలు ఉంది. వెనకాల హెడ్ కానిస్టేబుల్ తాతారావు. “రేపు ఈ కేసు మూసేస్తున్నాను దయామణి గారూ. గది చూస్తానన్నారు, చూడండి. గంట టైమిస్తాను.”

“ఏమని మూస్తున్నారు?”

“ఉన్నదే రాశాను. గోడల్లో వరి ఊక కూరిన గది. కిటికీ లేదు. ఏసీ ఆగిపోయింది. ఎనిమిది కార్డులు సెగలు కక్కాయి. రోహిణి ఎండ, పైన రేకులు. లోపల గాలి అయిపోయింది, కుర్రాడు నిద్రలోనే పోయాడు. మెకానిక్ తలుపు తీసినప్పుడు గది కుంపటిలా ఉందని వాడే చెప్పాడు.”

“కార్డులు ఊపిరి పీలుస్తాయా సీఐ గారూ?”

“అంటే?”

“వేడి కక్కుతాయి, నిజమే. గాలి మాత్రం తినవు. గాలి తినేది మనిషి. ఇంత పెద్ద గదిలో ఒక్క మనిషి ఒక్క పూటలో గాలంతా ఖర్చు చేయలేడు. పైగా గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి మనుషుల్ని చంపేంత పిచ్చిది కాదు. డెబ్బై, ఎనభై డిగ్రీల దాకా హాయిగా పనిచేస్తుంది. ఎనభై మూడు దాటిందంటే తనే వేగం తగ్గించుకుంటుంది. అయినా వేడి తగ్గకపోతే తనంతట తానే ఆరిపోతుంది. నా షాపుకొచ్చిన కార్డుల్లో చాలావాటికి దుమ్ము పట్టి అదే జబ్బు.”

“షాపు వేరు, శవం వేరు.” చంద్రశేఖర్ చంకలో ఫైలు చేతిలోకి తీసుకున్నాడు. “మధ్యాహ్నం ఒకటిన్నరకి రాజీవ్ తన భార్యతో మాట్లాడాడు. ఆ పిల్లే వాఙ్మూలం ఇచ్చింది. అప్పటికి బతికే ఉన్నాడుగా! పూర్ణచంద్రరావు పన్నెండింటికే గుడివాడలో ఉన్నాడు. ఇంకెవర్ని పట్టుకోమంటారు? దెయ్యాన్నా?”

తలుపు దగ్గర తాతారావు ఉలిక్కిపడ్డాడు.

“అలా అనకండి సార్,” అన్నాడు నీళ్ళు నములుతూ. “నిన్న మధ్యాహ్నం నేను కాపలా ఉన్నప్పుడు లోపల ఏదో మూలిగింది. సీలు వేసిన గది సార్, మనిషన్నవాడు లేడు. పావుగంట మూలిగి ఆగిపోయింది. నేనైతే మళ్ళీ లోపల అడుగు పెట్టను.”

“గాలికి రేకులు కదిలుంటాయి లేవయ్యా!”

దయామణి మాత్రం తాతారావు మొహంలోకి పరీక్షగా చూసింది. ఆ మనిషి అబద్ధమాడటం లేదు.

*

గది తలుపు జానెడు మందం. లాగితే కీచుమని తెరుచుకుంది. లోపల అడుగు పెట్టగానే బయటి శబ్దమంతా కత్తిరించినట్టు ఆగిపోయింది. చెవుల్లో తన రక్తం కదులుతున్న చప్పుడే దయామణికి వినిపించింది. పాత ఐసు వాసన, చేపల వాసన, వాటి కింద ఇంకేదో పుల్లని వాసన. మూల కింద పరిచిన పక్క అలాగే ఉంది. దిండుమీద తల పెట్టిన గుంట ఇంకా పూడలేదు.

ఎదురుగా ఇనప స్టాండులో ఎనిమిది కార్డులు వరసగా ఉన్నాయి. పక్కన చిన్న తెరమీద ఎనిమిది అంకెలు, ఒక్కో కార్డు వేడి ఎంతో చెబుతూ. అన్నీ నలభైకి అటూ ఇటూ. ఫ్యాన్లేవీ తిరగడం లేదు.

“అన్నీ చచ్చినట్టున్నాయే,” అన్నాడు చంద్రశేఖర్ గడపలో నిలబడి.

“నిద్రపోతున్నాయి. పనిలేనప్పుడు వీటి ఫ్యాన్లు ఆగిపోతాయి. వేడి యాభై దాటితేనే తిరుగుతాయి. ఫ్యాను తిరిగిందంటే ఎక్కడో ఎవరో పని చెప్పారన్నమాట.” ఆమె వెనక్కి తిరిగింది. “తాతారావు గారు విన్న మూలుగు అదే.”

చంద్రశేఖర్ తాతారావు వైపు తిరిగి చూశాడు.

దయామణి మోకాళ్ళమీద కూర్చుని టార్చి వేసింది. స్టాండు కింద రెండు బల్లులు వెల్లకిలా పడి ఉన్నాయి, ఎండిపోయి. టార్చి పైకెత్తింది. కప్పుకింద మూల బల్లి ఒకటి నిక్షేపంగా వెలుగులోంచి పక్కకి జరిగింది.

“కింద ఉన్నవి చచ్చాయి. పైనున్నది బతికింది,” అంది మెల్లగా. “రాజీవ్ కింద పడుకున్నాడు.”

తర్వాత టార్చిని కార్డుల వెనకున్న రేకులమీదకి తిప్పింది. మొదటి కార్డు రేకుమీద చిన్న చిన్న తుప్పు చుక్కలు. రెండో దానిమీదా ఉన్నాయి. మూడో దానిమీదా. నాలుగోది తళతళా మెరుస్తోంది. అయిదు నుంచి ఎనిమిది దాకా మళ్ళీ తుప్పు.

ఆమె మళ్ళీ మొదటి కార్డు నుంచి ఎనిమిదో దాకా రేకుల్ని వేలితో తడిమింది.

“సీఐ గారూ, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసామీద నీళ్ళెందుకు పడతాయి?”

“చల్లగా ఉంటుంది కాబట్టి. ఇది చిన్నపిల్లల ప్రశ్న.”

“ఈ ఏడు కార్డులమీదా అలాగే నీళ్ళు పట్టాయి. సముద్రపు గాలి, ఉప్పు తేమ, మూడు రోజుల్లో తుప్పయింది. మీరన్నట్టు కార్డులు సెగలు కక్కుతూ ఉంటే వాటిమీద తేమ చుక్క నిలవదు. గురువారం పొద్దున ఈ గది ఉడకలేదు. గడ్డకట్టింది. ఏసీ వల్ల వచ్చే చల్లదనం కాదిది. ఆ తర్వాత ఎవరో తలుపు బార్లా తెరిచారు. బయటి గాలి లోపలికొచ్చి చల్లటి కార్డులమీద నీరైంది.”

రాజీవ్ పడుకున్న పక్కకి ఆనుకుని నేలమీద పరిచిన నీలం ప్లాస్టిక్ పట్టామీద చెయ్యి పెట్టింది. అక్కడ చదరంగా, పెట్టె అడుగంత మేర, పట్టా పెంకులా పగిలి ఉంది.

“డ్రై ఐస్,” అంది. “గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్. రొయ్యల ప్యాకింగులో వాడతారు. కరిగితే నీళ్ళవదు, గాలిలో కలిసిపోతుంది. అది వదిలే గాలి బరువు. నేలమీద వరదలా పరుచుకుంటుంది, మనిషికి అందాల్సిన ఊపిరిని పైకి నెట్టేస్తుంది. రాత్రంతా పనిచేసి పడుకున్న మనిషి లేచే లోపలే అయిపోతుంది. పెట్టె తీసేసి, తలుపు తెరిచి గదిని ఆరబెడితే ఇక సాక్ష్యం లేదు. ఏసీ ఆపేసి తలుపు మూస్తే మూడింటికల్లా గది కుంపటి.”

చంద్రశేఖర్ మొదటిసారి గడప దాటి లోపలికొచ్చాడు. పగిలిన పట్టాని బూటుతో తాకి చూశాడు.

“సరే. అనుకుందాం. మరి ఒకటిన్నరకి భార్యతో మాట్లాడింది ఎవరు?”

“నాలుగో కార్డు మీద తుప్పు ఎందుకు లేదో అదే జవాబు. గది గడ్డకట్టినప్పుడు అదొక్కటే వేడిగా ఉంది. అదొక్కటే పనిచేస్తోంది, రాజీవ్ గొంతు నేర్చుకుంటూ.” దయామణి గొంతు తగ్గించింది. ఆ గదిలో గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు. “పొద్దున రాజీవ్ గొంతు జలుబుతో బొంగురుపోయి ఉందట. మధ్యాహ్నం మాట్లాడిన గొంతు మాత్రం కడిగిన ముత్యంలా ఉందట. ‘తగ్గిపోయిందేమో అని సంతోషించానండీ’ అంది నవ్యశ్రీ. ఇంకో మాట కూడా చెప్పింది. అంతసేపు మాట్లాడినా మధ్యలో ఒక్కసారి కూడా ఊపిరి తీసుకున్న చప్పుడు లేదట.”

తాతారావు బయటనుంచి “అమ్మ బాబోయ్” అన్నాడు.

“ఈ గదిలో సిగ్నల్ రాదు. రాజీవ్ ఎప్పుడూ కంప్యూటర్లోంచే భార్యకి ఫోన్ చేసేవాడు. ఆ మధ్యాహ్నం కూడా అక్కడినుంచే ఫోన్ వచ్చింది. అతని గొంతు అతని కార్డులోనే ఉంది. ఎక్కడో కూర్చుని సెల్‌ఫోన్లో మాటలు టైపు చేస్తే చాలు, ఆ మాటలు రాజీవ్ గొంతుతో వెళ్తాయి. గృహప్రవేశం భోజనాల మధ్య ఓ మూలకి వెళ్ళి నాలుగు మాటలు కొట్టడానికి ఎంతసేపు?”

చంద్రశేఖర్ నోరు తెరిచాడు. కానీ మాట రాకముందే ఇంకో శబ్దం వచ్చింది.

సన్నగా, నేలలోంచి వస్తున్నట్టుగా, ఒక మూలుగు.

స్టాండులో నాలుగో కార్డు ఫ్యాను కదిలింది. ముందు నెమ్మదిగా, తర్వాత రెక్కలు కనపడనంత వేగంగా. మిగతా ఏడూ కదల్లేదు. తెరమీద నాలుగో అంకె యాభై రెండు. యాభై ఎనిమిది. అరవై నాలుగు.

ముగ్గురూ ఆ అంకెనే చూస్తున్నారు. గదిలో ఎవరూ ఏ మీటా నొక్కలేదు.

“ఎవరితో మాట్లాడుతున్నాడు వాడు?” అన్నాడు చంద్రశేఖర్ గుసగుసగా.

దయామణికి తన మాటే గుర్తొచ్చింది. *పేరు కూడా చెప్పాడు.* మధ్యాహ్నం తాను విసిరిన రాయి. అది పూర్ణచంద్రరావుకి తగల్లేదు. ఆ పిల్లకి తగలబోతోంది.

గడప దగ్గరకి పరిగెత్తి, తెరిచిన తలుపులోంచి వచ్చే ఆ కాస్త సిగ్నల్‌తో నవ్యశ్రీకి ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. నవ్యశ్రీ తండ్రి రత్తయ్యకి చేసింది. ఆయన వెంటనే ఎత్తాడు.

“అమ్మాయి ఫోన్లో మాట్లాడుతోందండీ…”

“ఎవరితో రత్తయ్య గారూ?”

“అల్లుడితోనండీ.”

“అమ్మాయి ఫోను స్పీకరు పెట్టించండి. నేను లైన్లో ఉన్నానని మాత్రం అననివ్వకండి.”

ఫోన్లోంచి ఫోన్లోకి, దూరంగా, ఒక మగ గొంతు వినిపించింది. మెత్తగా, ఆప్యాయంగా, ఎక్కడా ఆయాసం లేకుండా.

“నేను చచ్చిపోలేదు నవ్యా. చచ్చినట్టు వాళ్ళని నమ్మించాను. నీకు పేరు చెప్పానుగా, అది ఎవరికైనా చెప్పావా? చెప్పకు. నేను నీకోసం వస్తున్నాను.”

నవ్యశ్రీ ఏడుపు వినిపించింది. శవానికి తన చేత్తో పసుపు రాసి పంపిన పిల్ల. అయినా ఆ గొంతు వింటూ “ఎక్కడున్నారండీ, ఎప్పుడొస్తారు” అంటోంది.

చంద్రశేఖర్ తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు. దయామణి ఆ చెయ్యి పట్టుకుంది.

“ఆపితే గదిలో మనం ఉన్నట్టు వాడికి తెలిసిపోతుంది. తెలిస్తే వాడు ఏం చేస్తాడో మనకి తెలియదు. ఆ పిల్ల కూడా లైను కట్ అయిందనుకుంటుందే గాని అది మొగుడి గొంతు కాదని నమ్మదు. నేను చెప్పినా నమ్మదు. ఆ ఫైలు ఇటివ్వండి.”

“కేసు ఫైలు!”

“ఇవ్వండి!”

స్పీకరు పెట్టిన తన ఫోన్ గడప దగ్గర తాతారావు చేతికిచ్చి, ఫైలు లాక్కుని నాలుగో కార్డు ఫ్యాను ముందు గాలి పీల్చే సందులో అట్టతో సహా దోపింది. ఫ్యాను ఊపిరాడనట్టు గోల పెట్టింది. డెబ్బై ఆరు. ఎనభై. ఎనభై నాలుగు.

“పేలిపోదు కదా?” అన్నాడు చంద్రశేఖర్.

“పేలదు. వేగం తగ్గించుకుంటుంది. మరీ ఎక్కువైతే ఆరిపోతుంది. ఆ రెంటికీ మధ్య పట్టాలి.” ఎనభై తొమ్మిది. ఆమె ఫైలుని వేలెడు వెనక్కి లాగింది. చేతిమీద సెగ తగులుతోంది. ఎనభై ఎనిమిది దగ్గర అంకె ఆగింది.

ఫోన్లో గొంతు మారింది.

“నవ్… యా… నువ్… వొక్… క… దానివే…”

మాటకీ మాటకీ మధ్య చీకటి లాంటి ఖాళీలు. అక్షరం సగంలో విరిగి, మళ్ళీ అతుక్కుని, మళ్ళీ విరుగుతోంది. అంత విరిగినా అందులో ప్రేమ మాత్రం అలాగే ఉంది, ఒక్క పిసరు తగ్గకుండా.

నవ్యశ్రీ ఏడుపు ఆగిపోయింది.

ఆ అమ్మాయి ముక్కు చీదుకున్న చప్పుడు. తర్వాత వణకని గొంతుతో అడిగింది: “ఏవండీ, మీ జలుబు తగ్గిందా?”

జవాబు రావడానికి ఎంతోసేపు పట్టింది. “ఏ… జలు… బు?”

రత్తయ్య ఫోనులోకి నవ్యశ్రీ గొంతు దగ్గరగా వచ్చింది. “దయామణి గారూ, ఇది మా ఆయన కాదు.”

“కాదమ్మా. తలుపులన్నీ గడియలు పెట్టుకోండి. ఎవరొచ్చినా, ఏ గొంతుతో పిలిచినా తియ్యొద్దు. సీఐ గారు అవనిగడ్డ స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నారు.”

చంద్రశేఖర్ అప్పటికే బయటికి పరిగెత్తి ఫోన్లో అరుస్తున్నాడు. అవతల గడియ పడిన చప్పుడు వినిపించింది. దయామణి నిట్టూర్చి, గోడమీది గడియారం చూసింది. నాలుగుంపావు. పూర్ణచంద్రరావు కారు గేటు దాటి గంటంపావు. గుడివాడ వెళ్తున్నానన్నాడు.

మచిలీపట్నం నుంచి అవనిగడ్డకి కారులో గంట.

“నవ్… యా…” అంది గొంతు, నవ్యశ్రీ కట్ చెయ్యకుండా పక్కన పెట్టిన తన ఫోన్లోంచి. “తలు… పు… తియ్…”

అక్కడితో ఆగిపోయింది.

దయామణి తెరవైపు చూసింది. ఆమె ఫైలు కదపలేదు. స్విచ్ ఎవరూ ముట్టుకోలేదు. అయినా నాలుగో అంకె కిందికి దిగుతోంది. ఎనభై రెండు. డెబ్బై నాలుగు. అరవై అయిదు. ఫ్యాను మూలుగు సన్నబడుతోంది.

కార్డు చల్లబడుతోంది. టైపు చేసేవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అవతల, రత్తయ్య ఇంటి ముందు, ఎవరో తలుపు తట్టారు.